నా షెడ్డు లైసెన్సు నేనే రద్దు కోరుట

వాహన తనిఖీ అధికారి గారి సముఖమునకు, బస్టాండు వెనుక కార్ల షెడ్డు యజమాని సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా పేరున ఉన్న మరమ్మతు లైసెన్సును తక్షణమే రద్దు చేయవలసినదిగా కోరుట గురించి.

తమరికి లైసెన్సు కావాలని అర్జీలు వస్తాయి. వద్దని వచ్చినది బహుశా ఇదే మొదటిది. కనుక బంట్రోతు దీనిని ఏ మూలనో పడేయకుండా తమ బల్ల మీద పెడతాడని నమ్మి, నా బాధలు ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. షెడ్డు నాది. పని చేసేది నేనూ, మా తమ్ముడూ. ఏ పనైనా చిటికెలో ముగిస్తాడని వాడిని ఊరంతా చిటికె అంటారు. నన్ను ఆగన్న అంటారు. కారులో ఎయిర్ బ్యాగు జోలికి వెళ్ళేముందు బ్యాటరీ తీగ విప్పి, లోపల మిగిలిన కరెంటు దిగేవరకు కాసేపు ఆగాలి. నేను ఆగుతాను, కారు యజమానినీ ఆగమంటాను. ఆ బ్యాగులో ఉన్నది దూది కాదు, పేలుడు మందు. అది రెప్పపాటులో పేలి మనిషిని కాపాడుతుంది, తప్పుగా తాకితే అదే రెప్పపాటులో ముఖం పగలగొడుతుంది. నేను ఇంత చెప్పేసరికి యజమాని వాచీ చూసుకుని చిటికె దగ్గరికి వెళ్ళిపోతాడు.

2. బ్యాగు వ్యవస్థలో లోపం ఉంటే స్టీరింగు వెనుక దీపం వెలుగుతూ ఉంటుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. మా తమ్ముడు దీపమే పీకేస్తాడు. యజమానికి ఆనందం, ఎందుకంటే ఆయన లెక్కలో రోగం ఆ దీపమే. తమ కార్యాలయానికీ ఆనందమే. తాళం తిప్పగానే ఆ దీపం ఒకసారి వెలిగి, తరువాత ఆరాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో పీకారని అర్థం. తమ సిబ్బంది మాత్రం వెలగలేదు కదా అని ముద్ర కొట్టి పంపుతారు. శవానికి జ్వరం లేదని ఆరోగ్య పత్రం రాసివ్వడం కూడా ఇలాగే ఉంటుంది.

3. గత వానాకాలంలో చిటికె ఒక బ్యాగును బల్ల మీద బోర్లా పెట్టి, మంచిదో కాదో చూద్దామని దాని తీగలకు టెస్టు లైటు తగిలించాడు. డబ్బాలో పెట్రోలు ఎంతుందో అగ్గిపుల్ల గీసి చూసే తెలివి ఇది. సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చి వాడు పక్కకు తిరిగాడు. బ్యాగు ఇనుప వీపు పైకి ఎగిరి రేకుల కప్పుకు సొట్ట పెట్టింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, తమరు వచ్చి చూడవచ్చు. చెవులు గింగురుమంటుంటే వాడు నవ్వాడు. నేను ఆ బల్ల పక్కనే కూలబడి ఏడ్చాను. మా నాన్న పోయాక వాడిని పెంచింది నేను. తుమ్మితే ఆగమంటారు. నా మాటకు ఆగనివాడు ఆ తుమ్ముకూ ఆగలేదు, దుమ్ము దులుపుకుని ఇంకో కారు కిందికి దూరాడు.

4. ఈ సంగతి చెప్పుకుందామని తమ కార్యాలయానికి వచ్చాను. మా షెడ్డు మీద ఒక్క ఫిర్యాదూ లేదనీ, యజమాని తన మీద తానే ఫిర్యాదు చేసుకునే పద్ధతి లేదనీ గుమాస్తా గారు సెలవిచ్చారు. ఎవరికైనా దెబ్బ తగిలితే అప్పుడు రమ్మన్నారు. తిరిగి వెళుతుంటే వరండాలో తమరే ఎదురై నా భుజం తట్టారు. "మీ తమ్ముణ్ణి చూసి నేర్చుకోవయ్యా, నా కారు ఎంత చక్కగా చేసిచ్చాడో" అన్నారు.

5. కనుక ఇక తమ కారు గురించి. తమరు గేటు స్తంభాన్ని గుద్దిన నాడు బ్యాగు పేలింది, తమ ముక్కు దక్కింది. కొత్త బ్యాగు తెప్పించాలి, ఆగండి అన్నాను. తమరు మరునాడు నేను లేని వేళ చూసుకుని వచ్చారు. చిటికె ఏం చేశాడో తమరు అడగలేదు, వాడు చెప్పలేదు. ఈసారి వాడు దీపం పీకలేదు, తెలివి పెరిగింది. బ్యాగుకు వెళ్ళే పసుపు వైరు కొసన రెసిస్టరు అనే చిన్న ముక్క తగిలించాడు. దాన్ని చూసి కారు తనలో బ్యాగు ఉందనుకుంటుంది. దీపం పద్ధతిగా వెలుగుతుంది, పద్ధతిగా ఆరుతుంది. కారంటే యంత్రం, మోసపోయింది. తమరు అధికారి.

6. నిన్న తమ అమ్మాయి హారను మోగడం లేదని ఆ కారు తెచ్చింది. కొత్తగా డ్రైవింగు నేర్చుకుందట, వచ్చే వారం నుంచి కాలేజీకి తనే నడుపుకుంటూ వెళుతుందట. నేను బ్యాటరీ తీగ విప్పాను, ఆగాను, స్టీరింగు మధ్య మూత తీశాను. బ్యాగు ఉండవలసిన చోట మడిచి కుక్కిన దిండు గలీబు ఉంది. గులాబీ రంగు అంచు, మధ్యలో దారంతో కుట్టిన అక్షరాలు. ఆ పిల్ల తొంగి చూసి నెమ్మదిగా అడిగింది.

"అంకుల్, ఎయిర్ బ్యాగు మీద శుభరాత్రి అని కుట్టి వస్తుందా?"

అయ్యా, ఆ కుట్టు మా అమ్మది. ఆ గలీబు కోసం ఆవిడ ఇల్లంతా వెతికి, చివరకు నా భార్యను అనుమానించి, ఆమెతో మాట మానేసింది. తమరు ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగింది ఆ గలీబు ధైర్యంతోనే. చిటికెను పిలిచి ఇదేమిట్రా అన్నాను. "లైటు ఆరిందా లేదా? ఇంకేంటన్నా నీ గోల?" అన్నాడు. తరువాత పక్కన నిలబడిన పిల్లను చూసి తల దించుకున్నాడు. వాడు తల దించడం నేను ఎన్నడూ చూడలేదు, కాస్త ఆశ కలిగింది. సాయంత్రానికి మరో కారు దీపం పీకుతూ కనిపించాడు.

7. కొట్టడానికి వాడు చిన్నవాడు కాదు, వెళ్ళగొట్టడానికి నాకు మనసు రాదు. లైసెన్సు ఉన్నంతకాలం షెడ్డు ఉంటుంది, షెడ్డు ఉన్నంతకాలం వాడు ఆగడు. కనుక నా లైసెన్సు రద్దు చేసి, షెడ్డుకు తాళం వేయించి, ఇకమీదట దీపం ఆరిందా అని మాత్రమే కాక వెలిగిందా అని కూడా చూడవలసినదిగా తమ సిబ్బందికి ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. వాడికి అన్నం నేను పెడతాను. వాడి తల వాడి భుజాల మీద ఉంటే నాకు అదే చాలు.

తమరు ఈ రోజు ఎలాగూ నడిచి ఇంటికి వెళ్ళవలసి ఉన్నది గనుక, ఆ తీరికలో ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు
(కారు తాళం విషయంలో తప్ప),
ఆగన్న,
షెడ్డు యజమాని

మరొక మాట: కారు కోసం తమరు బంట్రోతును పంపారు. చిటికె ఇచ్చేయబోయాడు. తాళం మా అమ్మ కొంగున ముడి వేసి ఉంది, ఆవిడ ఇవ్వలేదు. గలీబు ఉతికి ఆరేసింది, నా భార్యతో మాట కలిపింది. కొత్త బ్యాగు వచ్చి, నేను నా చేతులతో బిగించి, ఆ దీపం నిజంగా వెలిగి నిజంగా ఆరేదాకా మీ పిల్ల ఆ స్టీరింగు ముందు కూర్చోదు. ఇది మనవి కాదండీ, చెబుతున్నాను. కోపం వస్తే నా లైసెన్సు రద్దు చేయండి.