గోడవైపు గీత

కార్యదర్శి గారికి నమస్కారం.

నిన్నటి బాస్కెట్‌బాల్ మ్యాచ్ గురించి ఓడిన జట్టువాళ్లు చేసిన ఫిర్యాదు నిజమే. బంతి గోడవైపు గీత దాటి అవతల నేలకు తగలడం కళ్లారా చూశాను. రూలు తెలియక కాదు, అయినా ఈల వేయలేదు. గెలిచిన జట్టు కుర్రాడు ఆ బంతినే అందుకుని బుట్టలో వేశాడు.

"ఏంటి సార్, నిద్రపోతున్నారా?" అని ఓడిన జట్టు కెప్టెన్ మీదికొచ్చాడు.

అన్నయ్యా నేనూ కలిసి రిఫరీలుగా చేసినన్నాళ్లూ గోడవైపు గీత అన్నయ్యది, స్కోరు బల్లవైపుది నాది. ఒకరి గీత మీద ఇంకొకరం ఈల వేసేవాళ్లం కాదు. "నా గీత జోలికొచ్చావంటే తంతానురా" అనేవాడు. అన్నయ్య పోయాక నాకిదే మొదటి మ్యాచ్. రెండో రిఫరీ దొరకలేదంటే, ఒక్కడినే చాలని నేనే అన్నాను. తీరా బంతి అటు పోగానే అలవాటుకొద్దీ అన్నయ్య ఈల కోసం ఆగాను. నా ఈల నోట్లోనే ఉండిపోయింది.

ఏ శిక్ష వేసినా సరే. ఒక్కటే మనవి. ఇకమీదట నాకు తోడుగా ఎవరిని పంపినా బల్లవైపు నిలబెట్టండి. గోడవైపు నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ చిన్న రిఫరీ