గిర్ని ఎందుకు ఆగింది

కరీంనగర్,
9 మార్చి 2025, ఆదివారం.

గౌరవనీయురాలైన సుల్తాన్ బీ ఖాలాకు,

నర్మద సలాములు, నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. రోజాల్లో నీ ఒంట్లో ఎలా ఉందోనని ఫికరుగా ఉంది. మోకాళ్ల నొప్పి తగ్గేదాకా కుట్టుమిషన్ తొక్కవద్దని కైనాత్‌తో చెప్పించాను. నువ్వు విననే లేదట. నీ మనవరాలే ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది కూడా తనే. కైనాత్, జర నెమ్మదిగా చదువమ్మా.

ఖాలా, నాకు డాక్టరేటు వచ్చింది. ఒక అధ్యాయం తిరిగి రాయమన్నందుకు ఏడాది ఆలస్యమైంది కానీ వచ్చింది. పట్టా అందుకున్న రోజు మా బాపు వాడకట్టంతా మిఠాయి పంచారు. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే నాకు మాత్రం మందమర్రిలో నీ దుకాణం ముందరి ఇనుప స్టూలు గుర్తొచ్చింది. ఫోన్ చేసి చెప్పాలని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, తిన్నావా అని మొదలుపెడతావు. అందుకే రాస్తున్నాను.

2021లో, సెప్టెంబరు నెలలో నేను మీ బజారుకు ఫారాల కట్టతో వచ్చాను. వచ్చే జనవరిలో మీ దగ్గరి గని మూసేస్తారని అప్పటికే తెలిసిపోయింది. గని మూతపడితే దానిమీద బతికే బజారు ఏమవుతుందన్నదే నా పరిశోధన. అరవై మూడు దుకాణాలు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి రోజుకు ఎందరు వస్తారు, వాళ్లలో గని వాళ్లెందరు అని రాసుకోవడం, దాన్ని కంప్యూటర్‌లో వేసి ఏ దుకాణం ఎప్పుడు మూతపడుతుందో చెప్పడం, అంతే పని అనుకున్నాను. మేం చదివిన పుస్తకాల్లో బజారంటే ఒక యంత్రం. ఒక చక్రం ఆగితే దాని పక్క చక్రం ఎంత నెమ్మదిస్తుందో లెక్కగట్టవచ్చు.

నువ్వు అప్పుడు గనికి పోయేవాళ్ల సద్ది సంచులు కుడుతున్నావు. నీ దుకాణం దేనిమీద నడుస్తుందని అడిగాను. గని అంటావని రాయడానికి సిద్ధంగా ఉన్నాను. నువ్వేమో సూదిలో దారం ఎక్కిస్తూ, “గా గిర్ని మీద నడుస్తది బిడ్డా,” అన్నావు. ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్లీ అడిగాను. అప్పుడు నువ్వు స్టూలు జరిపి, “గీడ కూసో. పొద్దుగాల్నుంచి పగటీలిదాంక ఉత్తగ సూడు,” అన్నావు.

చూశాను. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. మొదటి షిఫ్టుకు మగవాళ్లు వెళ్లిపోయాక ఆడవాళ్లు గోధుమలు, జొన్నలు పట్టుకుని నీ పక్కనే ఉన్న రామచంద్రం పిండి గిర్నికి వచ్చారు. వాళ్ల వంతు వచ్చేసరికి గంట పట్టేది. ఆ గంటలో ఎదురుగా కూర్చున్న లస్మవ్వ దగ్గర కూరగాయలు కొన్నారు. తెగిన సంచులు తెచ్చి నీ ముందు పెట్టారు. ఇదంతా ఎవరు ఏర్పాటు చేశారని అడిగాను. “ఎవలు చెయ్యలే. ఆళ్లు నిలవడ్డరని లస్మవ్వ గంప దించింది. లస్మవ్వ ఉన్నదని నేను మిషన్ ఏసిన,” అన్నావు. నా ఫారంలో ప్రతి దుకాణానికీ గళ్లున్నాయి, ఎదురుచూసే ఆ గంటకు మాత్రం గడి లేదు. నీ మాటలు ఫారం వెనక రాసుకున్నాను. నా పుస్తకంలో మొదటి అధ్యాయం అక్కడ పుట్టింది.

ఆ డిసెంబరులో గిర్ని మూతపడింది. గని ఇంకా నడుస్తూనే ఉంది. రామచంద్రం పిండి మిషన్ అమ్మేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటిల్లిపాదితో హుస్నాబాద్ వెళ్లిపోయారు. మూడు వారాల్లో లస్మవ్వ బేరం సగానికి పడింది. జనం కూరగాయలు తినడం మానలేదు, అక్కడ నిలబడడం మానారు. తర్వాత నీ దగ్గరికి సంచులు రావడం తగ్గింది.

ఆ రోజుల్లో నీ కోపం చూశాను. ఇరవై రెండేళ్ల పొరుగు. పండుగకు నీ ఇంటి నుంచి వాళ్లకు షీర్ ఖుర్మా, బతుకమ్మకు వాళ్లింటి నుంచి నీకు సత్తుపిండి. “ఒక్క మాట చెప్పకుంట పోయిండు. గని ఆగకముందుకే పారిపోయిండు పిరికోడు,” అన్నావు. ఆ తర్వాత ఆయన పేరు నీ నోట రాలేదు. నేను మాత్రం నా నోటుపుస్తకంలో, గని మూత వల్ల పడిపోయిన మొదటి దుకాణం అని నిబ్బరంగా రాసుకున్నాను.

జనవరిలో గని ఆగింది. చాలామందిని వేరే గనులకు బదిలీ చేశారు, క్వార్టర్లు సగం ఖాళీ అయ్యాయి. నా కంప్యూటరు లెక్క ప్రకారం నువ్వు ఎండాకాలం దాటకూడదు. నువ్వు చీరలకు ఫాల్స్ కుట్టి, చిరిగిన దుప్పట్లు అతికి ఆ ఎండాకాలమూ దాటావు, ఆ ఏడూ దాటావు. నెలకోసారి వచ్చి నీ ఇంట్లో తిని, నీ కష్టాన్ని రాసుకుని వెళ్లేదాన్ని. ఏం రాశావని ఒక్కసారైనా అడగలేదు నువ్వు. అన్నంలోకి ఇంకో గరిటె పుల్లటి ఖట్టా వేసేదానివి.

2023 యాసంగిలో వానలు పడ్డప్పుడు సుల్తానాబాద్‌లో లస్మవ్వ తమ్ముడి వడ్లు కొనుగోలు కేంద్రంలోనే తడిశాయి. పైన కప్పిన టార్పాలిన్ చినిగిపోయింది. లస్మవ్వ దాన్ని బస్సులో వేసుకుని నీ దగ్గరికి తెచ్చింది. “గింత మందంది వేరే మిషన్లకు పెడితే సూది ఇరుగుతది. సద్ది సంచులు కుట్టిన మిషనే కావాలె,” అన్నది. నువ్వు అతికి ఊరుకోలేదు. సంచి పట్టీకి వేసినట్టే అంచుకు రెండు వరుసల కుట్టు వేసి, గాలికి లేవకుండా రాళ్లు కట్టుకునేందుకు నాలుగు మూలలా రింగులు పెట్టావు. అది చూసి వారం తిరగకముందే పదకొండు మంది వచ్చారు. వానాకాలం పంట నాటికి నువ్వు నలుగురు ఆడవాళ్లను పనిలో పెట్టుకున్నావు. వాళ్లకు మధ్యాహ్నం తిండి కావాలని లస్మవ్వ పొయ్యి పెట్టింది. ఆమె అన్నం బాగుందని ఆటో వాళ్లు అక్కడ ఆగడం మొదలుపెట్టారు.

బొగ్గు మీద బతికిన దుకాణం వడ్ల మీద బతుకుతుందని ఏ లెక్కా చెప్పలేదు. ముందే ఆలోచించావా అని అడిగితే, “నాకేమెరుక? చినిగింది తెచ్చిండ్రు, కుట్టిన. కుట్టినంక ఇంకో పని కనవడ్డది,” అన్నావు. బజారు యంత్రం కాదని, మనుషులు ఒకర్ని చూసి ఒకరు కదులుతూ దాన్ని రోజూ కొత్తగా చేస్తుంటారని మూడు వందల పేజీల్లో రాశాను, ఖాలా. నేను నేర్చుకున్నదంతా నీ దగ్గరే. మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పిన చోట మా గైడు పేరు కంటే ముందు నీ పేరు ఉంది. ఆయన చూసి, ఇదే సరైన వరుస అన్నారు.

నాకు చోటిచ్చినందుకు, అన్నం పెట్టినందుకు, తెలియనిదాన్ని అని నవ్వకుండా చూడమన్నందుకు, నేను బతికినన్నాళ్లూ నీకు రుణపడి ఉంటాను.

నీ బిడ్డలాంటి,
నర్మద

తా.క. కైనాత్, ఇది కూడా నానికి వినిపించు.

ఖాలా, పోయినేడు నా పుస్తకం మీద ప్రశ్నలడగడానికి, పరీక్షకు వచ్చిన పెద్దాయన నన్నొకటే అడిగారు. గని ఆగకముందే గిర్ని ఎందుకు ఆగింది, ఆ గిర్ని ఆయన్ని అడిగావా అని. నేను అడగలేదు. ఆ వారమే హుస్నాబాద్ వెళ్లాను. రామచంద్రం అక్కడ చిన్న గిర్ని పెట్టుకున్నారు. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారు. అక్కడి గిర్ని ఎందుకు మూసేశారని అడిగితే, “నువ్వే చెప్పినవు గద బిడ్డా,” అన్నారు.

గిర్ని మూతపడడానికి నెల ముందు, 2021 నవంబరులో, మీ బజారు వర్తకుల సంఘం వాళ్లు నన్ను హాల్లో మాట్లాడమన్నారు. నీకు సంచుల పని ఉండి రాలేదు. గని ఆగిన ఆరు నెలల్లో మొదట మూతపడేది గిర్నే అని తెర మీద బొమ్మలు వేసి మరీ చెప్పాను. ఆయన వెనక వరుసలో ఉన్నారట. “సదువుకున్న పిల్ల అబద్ధం ఎందుకు చెప్తది అనుకున్న. సుల్తాన్ బీకి చెప్తే పోనియ్యదని చెప్పకుంటనే వచ్చిన,” అన్నారు.

గిర్నిని ఆపింది గని కాదు, నా మాట. నీ బేరం, లస్మవ్వ బేరం పడిపోయింది కూడా అందుకే. తిరిగి రాసిన అధ్యాయం అదే. పుస్తకంలో రాయగలిగాను కానీ ఏడాదిగా నీ ముందు కూర్చుని తింటూ ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆయన పిరికివాడు కాదు, ఖాలా. నన్ను నమ్మిన మనిషి. నా మీద కోపం కూడా లేదన్నారు. నీ మోకాళ్ల సంగతి రెండుసార్లు అడిగారు.

ఆయన నంబరు ఈ కాగితం వెనక ఉంది. నాతో మాట్లాడాలనిపించే వరకు నాకు ఫోన్ చేయకపోయినా సరే. ఆయనకు మాత్రం ఈ రోజే చెయ్యి.