పదిహేడో నంబరు

డైరెక్టర్ గారికి,

నా భార్య ఫ్రెంచి క్లాసుకు రావడం లేదని మీరు పంపిన మూడో నోటీసు అందింది. ఆమె ఫిబ్రవరిలో చనిపోయిందని మొదటి నోటీసుకే జవాబు రాశాను. పేరు తీసేయమంటే మీ గుమాస్తా, "మానేసేవాళ్ళే వచ్చి సంతకం పెట్టాలి సార్, రూలు," అన్నాడు. ఆమె ఇక రాలేదన్నాను. "పోనీ, తీరిక చూసుకుని రమ్మనండి," అన్నాడు.

మేమిద్దరం కలిసే చేరాం కాబట్టి ఆమె హోంవర్కు కూడా నేనే రాసిచ్చాను. 'చేసి ఉంటే బాగుండేది' అని చెప్పే క్రియారూపంలో ఇరవై వాక్యాలు. 'ముందే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేది' అన్నది మొదటిది. మిగతావీ దాదాపు అవే. టీచరమ్మ క్రియలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. "ఉదాహరణల్లో వైవిధ్యం లేదు, వేరే విషయం ఎంచుకోండి" అని రెండు మార్కులు తగ్గించారు. న్యాయమే.

నిన్న గుమాస్తా ఫోన్ చేసి, ప్రత్యేక అనుమతి వచ్చిందనీ, సోమవారం ఆమె పేరు కొట్టేస్తామనీ చెప్పాడు. దయచేసి ఆపించండి. హాజరు పిలిచేటప్పుడు నా పేరు వెనకే ఆమె పేరు వస్తుంది. ఇంట్లో ఇప్పుడు ఆ పేరు పిలిచేవాళ్ళు లేరు.

నోటీసులు పంపుతూ ఉండండి. జవాబు నేను రాస్తాను.

ఇట్లు,
పదహారో నంబరు విద్యార్థి