ఇంటి మనిషి కూలి

విరుదునగర్,
4-11-2001.

చిరంజీవి తమ్ముడు పెరుమాళ్సామికి అక్క వీరమ్మాళ్ దీవించి రాసేది. నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ సీనియమ్మాళూ పిల్లలూ బాగుండాలని మొక్కుకుంటున్నాను. మనకు తెలుగు రాత రాదు కదా, ఇంట్లో మాట్లాడే మాటనే తమిళ అక్షరాల్లో రాస్తున్నాను. నిదానంగా కూడబలుక్కుని చదువుకో.

నీ పెళ్ళాం సీనియమ్మాళ్ మొన్న ఇక్కడికి వచ్చింది. ఆయన ఆఫీసరు ముందర నోటికి వచ్చింది చెప్పేసినారు వదినె, మనసులో పెట్టుకోవద్దండి, వచ్చేయండి అని బతిమాలింది. కాఫీ ఇచ్చి పంపాను. నా జవాబు ఆమెకు చెప్పేది కాదు, నీకు చెప్పేది.

మా ఆయన పోయాక నువ్వే కడంబూరు వచ్చి నన్ను కోవిల్‌పట్టికి తీసుకుపోయావు. హోటల్ అప్పుడే పెట్టావు. పిండి, చట్నీ, సాంబారు అన్నీ నా చేతిమీదే నడిచాయి. శనివారం అందరికీ కూలి ఇచ్చేటప్పుడు నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. నువ్వేం కూలికి వచ్చుండావా అక్కా, ఇంటి మనిషివి గదా అనేవాడివి. ఆ మాటతో నా కడుపు నిండేది.

ఈ ఏడేళ్ళలో గోడమీది పలకలో దోసె ధర ఎన్నిసార్లు చెరిపి రాశావో నీకే తెలుసు. కూలి మాత్రం ఒక్కసారి పెంచావు. హోటల్ పనివాళ్ళ కూలి గవర్మెంటు పెంచిందని పాత్రలు తోమే ముత్తుప్పేచ్చి రేడియోలో విని వచ్చింది. మీరు హోటల్ మొదలాళికి అక్క గదా, మీరు చెప్తే వింటాడు అంది. నేను వచ్చి నిన్ను అడిగాను. గవర్మెంటా వచ్చి నా పొయ్యి ముట్టించేది అని నవ్వావు.

తర్వాత తూత్తుకుడి నుంచి లేబర్ ఆఫీసరు వచ్చాడు. ఒక్కొక్కరినీ పిలిచి కూలి అడిగి రాసుకున్నాడు. గ్రైండరు దగ్గర ఆగి, ఈ అమ్మ ఎవరు అని తమిళంలో అడిగాడు. నాకు మోచేతుల దాకా పిండి. నువ్వు అక్క అని చెప్తావు గదా, అప్పుడు దండం పెడదామని చేతులు చీరకు తుడుచుకున్నాను. నువ్వు నావైపు చూడలేదు. ఎవరో దిక్కులేని ముసలిది సార్, ఇంత తిండి పెడితే వెనక పడి ఉంటుంది అన్నావు. తుడుచుకున్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు తమ్ముడూ.

అక్క అని ఉంటే ఆయన నా కూలి సంగతి ఎత్తేవాడే కాదు. నీకు పైసా నష్టం లేదు. కానీ ముందు బల్ల దగ్గర నీ కాబోయే వియ్యంకుడు, ఆ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆయన కూర్చుని ఉన్నాడు. పిండి చీర కట్టుకున్న అక్క నీకు ఉందని ఆయనకు తెలియకూడదనుకున్నావు.

మరుసటి రోజుకు కావలసిన పిండి రుబ్బి, గ్రైండరు కడిగిపెట్టి బస్సెక్కాను. ఇక్కడ బొమ్మక్క మెస్సులోనూ అదే పని. మొదటి శనివారం ఆమె కూలి ఇవ్వబోతే నేను చేయి చాపలేదు. ఎవరికి ఇవ్వాలి అని అడిగాను. నీదే వీరమ్మా, పట్టుకో అంది. కొన్ని వారాలు దాచి కళ్ళద్దాలు కొనుక్కున్నాను. ఈ ఉత్తరం వాటితోనే రాస్తున్నాను.

ముత్తుప్పేచ్చిని పనిలోంచి తీసేశావని సీనియమ్మాళ్ చెప్పింది. ఆఫీసరును పిలిచింది ఆమేనని బజారంతా చెప్పావంట. ఇంకే హోటల్లోనూ ఆమెను చేర్చుకోవడం లేదంట. ఆమెను మళ్ళీ పిలువు. నన్ను పిలవద్దు.

ఇట్లు,
నీ తోడబుట్టిన
వీరమ్మాళ్.

తా. క. ఆఫీసరును పిలిచింది ముత్తుప్పేచ్చి కాదు, నేను. ఆడి మాసంలో కళుగుమలై గుడికని నీతో చెప్పి తూత్తుకుడి బస్సెక్కాను. అందరి కూలీ ఆయనకు చెప్పాను. నీకెంతమ్మా అని అడిగాడు. నాకు కూలి లేదయ్యా, మొదలాళి నా తమ్ముడు, నేను ఇంటి మనిషిని అన్నాను. మంచివాడు, మెల్లగా చెప్తే పెంచుతాడు, గట్టిగా మాట్లాడవద్దండి, నేను వచ్చినట్టు తెలియనివ్వద్దండి అని కూడా అన్నాను. నువ్వు నన్ను ఎవరో అన్నప్పుడు, నేనెవరో ఆయనకు తెలుసు.