బాపు ముంజేయి

ఆదివారం రాత్రి, బోధన్

సంతలో బాపు ఇంకో కత్తి కొన్నాడు. చెరుకు కొట్టేది, పాతది, లావు పిడిది.

నా చిన్నప్పుడు ఆయన తెచ్చినవన్నీ సన్నవి, మెరిసేవి. మడత కత్తులంటే ప్రాణం. ఏది కొన్నా ముందు ఎడమ ముంజేతి మీద గీకి, వెంట్రుకలు తెగితేనే జేబులో చెయ్యి పెట్టేవాడు. అందుకే అక్కడ ఎప్పుడూ రూపాయి బిళ్లంత నున్నటి చోటు ఉండేది. ఈమధ్య లావు పిడివే తెస్తున్నాడు. వయసుతో ఇష్టం మారిందనుకున్నాను.

ఈరోజు పదును చూడనే లేదు. పిడిని పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.

"ఏమన్నా, గీకి సూడవా? నా మీద గంత నమ్మకం ఎప్పటిసంది?" అని పాత ఇనుము అమ్మేవాడు నవ్వాడు.

"గిప్పుడు నా షోకంత పిడి మీదనే" అన్నాడు బాపు. కత్తి నా చేతికిచ్చి, "నువ్వు సూడు బిడ్డా, కోస్తదా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఒక్క కత్తినీ నన్ను ముట్టుకోనివ్వలేదు. నా ముంజేతి మీద గీకాను. తెగాయి. "మస్తుంది బాపూ" అన్నాను. పైసలు తీయబోతే ఆయన వేళ్లు జేబులోనే వణికాయి. అమ్మేవాడికి కనపడకుండా అడ్డం నిలబడ్డాను.

రాత్రి అన్నం తింటుంటే ఆయన ముంజేయి చూశాను. నున్నటి చోటు లేదు. తెల్లటి వెంట్రుకలు నిండుగా మొలిచాయి. డాక్టర్ దగ్గరికి వెళ్దామనే మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆయనే, "ఇంకా లావు పిడిది దొరుకుతదేమో సూడాలె" అన్నాడు.

తల ఊపాను.

ఇప్పుడు ఫ్యాను గాలి నా ముంజేతి మీద ఆ ఒక్కచోటే చల్లగా తగులుతోంది...