వినడానికి ఇరవై మార్కులు

మార్చి 3, సోమవారం

ఈరోజు పద్దెనిమిది కాల్స్ విన్నాను. పదకొండేళ్లుగా ఇదే పని. కాల్ సెంటర్లో వాళ్లూ వీళ్లూ మాట్లాడింది రికార్డింగ్‌లో విని మార్కులు వేయడం. కొత్తగా చేరిన కళ్లజోడు పిల్ల ఏడుసార్లు అలాగే సార్, అలాగే సార్ అంది. ఫ్రిజ్ పాడైందని ఫోన్ చేసిన ఆయన పావుగంట మొత్తుకుంటే, చివర్లో ఫ్రిజ్ బాగా పనిచేస్తోందా సార్ అని అడిగింది! ‘వినడం’ గడిలో ఇరవైకి రెండు వేశాను. వినకుండా అలాగే అనడం ఎదుటి మనిషిని అవమానించడమే అని రిమార్క్ రాశాను. పిల్ల బాత్రూమ్‌లో ఏడ్చిందట. ఏడవనీ. వాక్యం మాత్రం భలే కుదిరింది.

ఇంటికొచ్చాక ఇంకో మనిషి గొంతు వినబుద్ధి కాదు. టీవీ కూడా మ్యూట్‌లో పెట్టి చూస్తాను. అందుకే అక్కకి ఎప్పుడో చెప్పేశాను, ఫోన్ చేయకే, తల పగిలిపోతోంది, వాయిస్ మెసేజ్ పెట్టు, వీలున్నప్పుడు వింటా అని.

మార్చి 4, మంగళవారం, సాయంత్రం 7.30

అక్క మెసేజ్. ఆరు నిమిషాల నలభై సెకన్లు! నా వల్ల కాదు తల్లీ. బొటనవేలు బొమ్మ పెట్టేశాను.

మార్చి 5, బుధవారం

ఇంకోటి. ఇరవై సెకన్లే. తర్వాత విందాంలే అని దండం బొమ్మ పెట్టాను.

మార్చి 6, గురువారం, సాయంత్రం 4.40

ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

అక్క బడిలో పనిచేసే ఆయా ఫోన్ చేసింది. అక్కకి పొద్దున గొంతు ఆపరేషన్ అయిందట. ఏం ఆపరేషన్ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెల్లెలికి చెప్పాను, వస్తుంది అంటూ అక్క పదకొండింటి దాకా గేటు వైపే చూసిందట. ఇక ఆగలేనని డాక్టర్ అంటే సంతకం ఆయా పెట్టిందట. ఏమవుతారు అన్న చోట ఏం రాయాలో తెలియక చెల్లెలు అని రాసేశానమ్మా, తప్పయితే క్షమించండి అంది.

నన్ను క్షమించమంది!

అప్పుడు విన్నాను మంగళవారం నాటి ఆ మెసేజ్. మొదటి నాలుగు నిమిషాలు పైఇంటి వాళ్ల నీళ్ల మోటారు గురించే చెప్పింది. ఐదో నిమిషంలో, మామూలుగానే, గొంతులో చిన్న కాయ ఉందటే అంది. తీసి టెస్టుకి పంపుతారట. పాత గొంతు తిరిగి రాకపోవచ్చట. ఇరవై ఆరేళ్లు పిల్లల మీద అరిచానుగా అని నవ్వింది. తర్వాత, భయంగా ఉందే, గురువారం తొమ్మిదింటికి రాగలవా, కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పు అంది.

దానికి నేను బొటనవేలు పెట్టాను.

మార్చి 7, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్లాను. రెండు వారాలు మాట్లాడకూడదట. బడిలోంచి పలక, సుద్దముక్క తెప్పించుకుంది. నేను ఏమని మొదలుపెట్టాలా అని నీళ్లు నములుతుంటే తనే రాసింది, లీవ్ దొరకలేదా అని. పక్కనే ఆయా నన్ను కళ్లార్పకుండా చూస్తోంది.

అవునక్కా, మా టీమ్ లీడర్ రాక్షసుడు అన్నాను. పాపం, ఆ మనిషిని నేను అడగనే లేదు.

అక్క తలూపి, అరచేత్తో పలక తుడిచేసింది. ఏం ఉద్యోగాలో ఏంటో అని ఆయా సణిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అబద్ధం వెనక్కి తీసుకోలేదు. ఆయా తెచ్చిన టీ తాగి మరీ వచ్చాను.

మార్చి 9, ఆదివారం, ఉదయం

నేను ముట్టుకోని మెసేజ్‌లు నలభై మూడు ఉన్నాయి. ఆరునెలల క్రితం బావ పోయినప్పటి నుంచి పెడుతోంది. ఆ ఇంట్లో మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు? పాతవాటి నుంచి వరసగా విన్నాను. బీరువాలో దాక్కుని నిద్రపోయిన ఒకటో తరగతి పిల్లాడు. కళ్లజోడు మీద తనే కూర్చుని విరగ్గొట్టుకోవడం. నా పుట్టినరోజుకి పాట పాడింది. నేను గుండె బొమ్మ పెట్టాను!

సెప్టెంబర్‌లో గొంతు గంటలా ఉంది. డిసెంబర్‌కి జీర వచ్చింది. జనవరిలో మాట మాటకీ ఆగి గొంతు సవరించుకుంటోంది. ఒక్కటి విన్నా పట్టేసేదాన్ని. అదే కదా నేను చేసే పని.

చిట్టచివర బుధవారం నాటి ఇరవై సెకన్లు. నువ్వు వింటే ఇక్కడ మైకు బొమ్మ నీలంగా మారుతుందే, ఒక్కటీ మారలేదు, నాకు తెలుసు, కోపమేం లేదు, అలసిపోతావు, నిన్నటిది ఒక్కటి మాత్రం వినవే, అంది.

అంటే మొదటి నుంచీ తెలుసు. తెలిసే లీవ్ గురించి రాసింది. ఆయా ముందు నా పరువు పోకుండా.

ఇప్పుడు తన ఫోన్‌లో అన్నీ నీలం అయిపోయి ఉంటాయి. ఛీ. ఏమని చెప్పుకోను?

మార్చి 10, సోమవారం

గురువారం అక్క టెస్ట్ రిపోర్ట్. లీవ్ అడిగాను. టీమ్ లీడర్ తలెత్తకుండానే సరే అన్నాడు. అర నిమిషం పట్టలేదు.

కళ్లజోడు పిల్ల దగ్గరికెళ్లి ఆ రిమార్క్ అలా రాయకుండా ఉండాల్సింది అన్నాను. లేదు మేడమ్, మీరు రాసింది నిజమే అంది.

మార్చి 12, బుధవారం

అక్క నుంచి వాయిస్ మెసేజ్. పద్నాలుగు సెకన్లు. మాట లేదు. పలక మీద సుద్దముక్క రాస్తున్న చప్పుడు. తర్వాత అరచేత్తో తుడిచిన చప్పుడు.

తొమ్మిదిసార్లు విన్నాను. ఏం రాసిందో తెలియలేదు. రేపు మొదటి బస్సు ఐదున్నరకి.