తిరిగింది నా తల కాదు

బ్యాంకాక్,
ఏప్రిల్ 1.

చెల్లెలు ఉబొన్‌కు అక్క రేవదీ దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మర్యాదకు రాసే క్షేమం కాదిది, ఒళ్లంతా తడిమి చూసుకుని రాస్తున్నది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మూడో మాటకే కొట్లాట. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డం రావు. ట్రాంగ్‌లో మీకు నేల కదిలి ఉండదు, మా సంగతి విను.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా సందులో లమై కొట్టులో జుట్టుకు రంగు వేయించుకుంటున్నాను. మేడమీద గది, తలనిండా నల్లటి ముద్ద, మెడచుట్టూ గుడ్డ. ఉన్నట్టుండి గది తిరిగింది. అమ్మకు ఇలాగే కదా మొదలైంది! ఇల్లు తిరుగుతోందంటూ మంచానికి అడ్డంగా ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. కొన్నాళ్లుగా నాకూ పొద్దున లేవగానే తల తిరుగుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఇక నా వంతు వచ్చేసిందనుకున్నాను.

చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లి, కళ్లు తిరిగితే పీల్చే వాసన మందు తీసింది. నవ్వకు. మనం విడిపోయింది దాని మీదే. అది అమ్మ ముక్కు దగ్గర పెడుతూ కూర్చుని ఆస్పత్రికి ఆలస్యం చేశానని, చితి ఆరకముందే నలుగురిలో అన్నావు. రెండేళ్లుగా నీ ముఖం చూడలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయినా కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. నీతో మాట్లాడకుండానే పోతున్నానే అని ఏడుపొచ్చింది. పోయేముందు ఎదుట ఉన్నవాళ్లనైనా మన్నింపు అడగాలి కదా. లమై చెయ్యి పట్టుకుని, తెలిసీ తెలియక చేసినవన్నీ క్షమించమన్నాను. కళ్లు తెరిచి చూద్దును కదా, లమై కూడా వాసన మందు పీలుస్తోంది. పక్క కుర్చీలో రిటైరైన పంతులమ్మా పీలుస్తోంది. ఎవరికి వాళ్లం నాకే కళ్లు తిరిగాయనుకున్నాం. లమై అయితే పొద్దుటినుంచి ఏమీ తినలేదు కనుక తన పని అయిపోయిందనుకుందట. నా కాళ్ల దగ్గర కూలబడి, నేనే తనను మన్నించాలంటూ ఏదేదో చెప్పుకుంది. అంతలో చేపల తొట్టిలోంచి నీళ్లు భళ్లున ఒలికాయి. పంతులమ్మ మందు ముక్కు దగ్గరే ఉంచుకుని, పాఠం చెప్పినంత నిదానంగా అంది:

"మనకు కళ్లు తిరిగితే నీళ్లెందుకు ఒలుకుతాయమ్మా? ఇది భూకంపం."

నిజం చెప్తున్నాను, ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. ఊరంతా హడలిపోయి పరుగెడుతుంటే, నేను మెడలో గుడ్డతో నవ్వుతూ మెట్లు దిగాను. లమై వీధిలోనే, కొబ్బరిబోండాల ఆమె బకెట్ అడిగి తెచ్చి నా తల కడిగింది. పక్క వీధి ఆస్పత్రివాళ్లు రోగులను మంచాలతో సహా చెట్ల కింద పెట్టారు. లమై నన్నక్కడికి లాక్కెళ్లింది. అప్పుడు ఊళ్లో ఎవరిని కదిపినా తల తిరుగుతోందనేవాళ్లే. నాది మాత్రం పాత తిరుగుడని చెప్తే, డాక్టరమ్మ పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పి చూసింది. చెవి లోపలి ఇబ్బందేనట, ప్రాణానికేమీ ఢోకా లేదట. రక్తపోటు కూడా బాగానే ఉంది. అక్కడే కూర్చుని కడుపారా ఏడ్చాను.

ఆ రోజు ఊళ్లో, ఇంకా కడుతున్న పెద్ద మేడ ఒకటి కూలింది, దాని కింద ఇంకా మనుషులున్నారు. వాళ్ల పేర ఇవాళ పొద్దున భిక్షువులకు అన్నం పెట్టాను.

ఇట్లు,
చెవులు నల్లబడ్డ నీ అక్క,
రేవదీ

తా.క.: లమై ఏం చెప్పుకుందో రాయకుండానే ఉత్తరం మడిచేశాను. మనసొప్పక మళ్లీ విప్పాను. ప్రతి పున్నమికీ నువ్వు తనకు ఫోన్ చేసి, అక్క తింటోందా, చిక్కిపోయిందా అని అడుగుతావట. నాకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావట. పాపం ఆ పిల్లను ఇక వదిలెయ్, ఈ నెల్లో కొత్త ఏడాదికి, సొంక్రాన్ పండక్కి నేనే వస్తున్నాను. లమై మీ ఊరి పిల్ల, మాటల్లో నీ కబురేదైనా దొర్లుతుందని నేనూ ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. నెలకు రెండుసార్లు రంగేసేంత తెల్లజుట్టు నాకెక్కడిదే?